నీళ్లు తోడొద్దన్న మడి

కరోనా సద్దుమణిగాక వచ్చిన రెండో ఖరీఫ్ నాటికి నేను బాపట్లలో ఒక వరి పరిశోధన క్షేత్రంలో ప్రధాన శాస్త్రవేత్తను. మా ఉద్యోగాల్లో మెట్లు మూడు: శాస్త్రవేత్త, సీనియర్ శాస్త్రవేత్త, ప్రధాన శాస్త్రవేత్త. ఆ పైన ఉన్నవి కుర్చీలే కానీ పొలాలు కావు. పదవీ విరమణకు ఇంకా నాలుగేళ్లు ఉండగా, ఆ వేసవి చివర్లో నాకు ఉద్యోగం మారే అవకాశం వచ్చింది. అది ఎలా వచ్చింది, నేనేం చేశాను, ఆ మర్నాడే రేపల్లె దగ్గర ఒక పొలంలో ఏం చూశాను అన్నదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు మా పని సంగతి చెప్పాలి. మమ్మల్ని బ్రీడర్లు అంటారు. రెండు వరి రకాలను సంకరం చేసి, వచ్చిన మొక్కల్లోంచి తరం తర్వాత తరం మంచివి ఏరుకుంటూ పోతే, ఏళ్లకేళ్లు గడిచాక ఒక నిలకడైన రకం తేలుతుంది. విడుదల కమిటీ ఆమోదించేవరకూ దానికి పేరుండదు, ఒక నంబరు మాత్రమే ఉంటుంది. అలాంటి రకాన్ని మా భాషలో కల్చర్ అంటాం. ఈ వృత్తిలో ఎవరూ కాగితం మీద పెట్టని ఒక ఆచారం ఉంది. ఒక బ్రీడర్ వెళ్లిపోతే, ఆ కుర్చీలోకి వచ్చినవాడు పాతవాడి కల్చర్లను ముందుకు తీసుకెళ్లడు. తన సంకరాలు తాను మొదలుపెట్టుకుంటాడు. పాతవి గోదాములో సంచుల్లో ఉండి, మొలక శక్తి పోయి, చివరికి కోళ్లకు వెళతాయి. నేను కూడా నా ముందరివారి కల్చర్లను అలాగే వదిలేశాను. అందులో తప్పు పట్టాల్సింది లేదు. ఎవరి కన్ను వారిది.

అప్పుడు నా చేతిలో ఉన్న కల్చర్ ముంపును తట్టుకునే రకం. రేపల్లె వైపు కాలువ చివరి భూముల్లో వాన గట్టిగా పడితే మురుగు కాలువ పొంగుతుంది, సముద్రం పోటు మీదుంటే ఆ నీళ్లు దిగవు. పైరు పది రోజులకు పైగా మునిగే ఉంటుంది. అలా మునిగి, నీళ్లు దిగాక మళ్లీ పిలకలు వేసే రకం కావాలని ఆ ప్రాంతం రైతులు అడగని ఏడాది లేదు. నా కల్చర్ ఆ పని చేస్తోంది. రెండేళ్ల ఫలితాలు చేతికొచ్చాయి. అదే పొలంలో మూడో ఏడాది కూడా వస్తే విడుదల కమిటీ ముందు పెట్టవచ్చు.

ఆ పొలం భూషణానిది. అతని తండ్రి మా తాతగారి దగ్గర కౌలుదారు. మా నాన్నగారు అమ్మిన భూమిలో కొంత అతని తండ్రే కొన్నాడు. ఒకప్పుడు మా తాతగారి పేరు చెబితే రేపల్లె తాలూకాలో ఎక్కడైనా కుర్చీ వేసేవారు. నా పేరు చెబితే ఏ శాఖ అని అడుగుతారు. దాని గురించి నాకు ఫిర్యాదు లేదు. వాస్తవం కనుక రాస్తున్నాను. భూషణం మాత్రం నన్ను చిన్నబాబుగారు అనే పిలిచేవాడు. నాకప్పటికే తల నెరిసింది.

ముంపు పరీక్షలో ఒక కఠినమైన నియమం ఉంది. నీళ్లు నిలిచినప్పుడు రైతు తోడకూడదు. చుట్టుపక్కల వాళ్లు ఇంజన్లు పెట్టి తోడుకుంటుంటే, ఇతను గట్టు మీద నిలబడి చూస్తూ ఉండాలి. పరీక్ష మడి పొలంలో ఒక మూలే అయినా, నీళ్లకు మూల తెలియదు కదా. మిగతా పైరూ మునుగుతుంది. నష్టానికి కొంత పరిహారం ఇస్తాం. మొదటి ఏడాది నేను ఈ నియమం చెప్పినప్పుడు భూషణం, "తోడొద్దంటే తోడనండి. మీరు చెప్పాక ఇంకేంటి?" అన్నాడు. ఆ జవాబు నాకు అప్పట్లో చాలా సహజంగా అనిపించింది.

ఇక ఉద్యోగం సంగతి. కరీముల్లా అని నా దగ్గర రిసెర్చ్ అసోసియేట్‌గా పనిచేసిన కుర్రాడు ఉండేవాడు. తెనాలి వాడు. వాళ్ల నాన్న అక్కడ ఇత్తడి పాత్రలకు మాట్లు వేసేవారు. చురుకైనవాడు. ఏళ్ల క్రితమే నా దగ్గర మానేసి ఒక ప్రైవేటు విత్తనాల కంపెనీలో చేరి, పెద్ద హోదాకు వెళ్లాడు. ఆ వేసవిలో నన్ను తెనాలి రమ్మని, వాళ్ల ఆఫీసులో కూర్చోబెట్టి, స్వయంగా కాఫీ తెచ్చి ముందు పెట్టాడు. సంకర వరి విభాగానికి అధిపతిగా రమ్మన్నాడు. జీతం చెప్పాడు. నేను మళ్లీ చెప్పమని అడగలేదు గాని, నాకు వచ్చేదానికి అది ఎన్ని రెట్లో మనసులో లెక్క వేసుకున్న మాట నిజం.

"నా కల్చర్ మూడో ఏడాదిలో ఉందయ్యా" అన్నాను.

"తెలుసండి. కోపం తెచ్చుకోకండి సార్, అది విడుదలైతే మీకేంటి వచ్చేది? పేపర్లో ఫొటో కూడా పైవాళ్లదే వేస్తారు."

ఫొటో కోసం చేయడం లేదన్నాను.

"అదే కదండి నా బాధ" అని నవ్వాడు. "ఫొటో కోసమైనా చేస్తే బేరం కుదిరేది. ఏమీ అక్కర్లేదనే మనిషితో ఎట్లా సార్ మాట్లాడేది? పోనీ, అమ్మగారిని అడిగారా?"

అడగలేదు. అడగాలని తోచలేదు కూడా. అక్కడికక్కడే వద్దని చెప్పి లేచాను. కరీముల్లా రైల్వే స్టేషన్ దాకా వచ్చి, రైలు కదులుతుంటే కూడా, "వారం రోజులు ఎవరినీ తీసుకోం సార్" అని చెప్పి వెళ్లాడు. ఇంటికి వచ్చి సంగతి చెబితే మా ఆవిడ పప్పు తిరగమోత పెడుతూ, "ఇది నన్ను అడగడమా, నాకు చెప్పడమా?" అంది. చెప్పడమే అన్నాను. "అయితే విన్నాను" అంది. ఆ రాత్రి నాకు ఏ బాధా లేకుండా నిద్ర పట్టింది. తృప్తినిచ్చే పని కోసం డబ్బు కాదన్నవాణ్ణి నేను. ఆ మాట నాకు నేను చెప్పుకుంటుంటే బాగానే ఉంది.

మర్నాడు ఉదయం నారుమడికి విత్తనం తీసుకుని ఆఫీసు జీపులో రేపల్లె వైపు బయల్దేరాను. భూషణానికి ముందు రోజు నుంచి ఫోన్ చేస్తున్నా ఎత్తలేదు. పొలం పనుల్లో ఉన్నాడనుకున్నాను.

ఊరు దాటి మురుగు కాలువ గట్టు మీదికి వచ్చేసరికి నాకు దారి తప్పినట్టు అనిపించింది. గుర్తు పట్టడానికి అక్కడ ఏమీ లేదు. భూషణం పొలం ఉండాల్సిన చోట ఒక పెద్ద గొయ్యి, దాని చుట్టూ మనిషి కంటే ఎత్తున పచ్చి మట్టి కట్టలు. రెండు పొక్లెయిన్లు మట్టి ఎత్తి పోస్తున్నాయి. ఫోను తీసి, మేము మడికి గుర్తు పెట్టుకున్న స్థలం చూశాను. గుర్తు ఆ గొయ్యి నడిమధ్యన ఉంది. రెండేళ్లు నేను మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి పిలకలు లెక్కపెట్టిన చోట ఇప్పుడు పొక్లెయిన్ తొట్టి దిగుతోంది. డ్రైవరు నా చేతిలోంచి విత్తనం సంచి తీసుకుని జీపులో పెట్టాడు. అది జారిపోతోందని నాకు తెలియలేదు.

రొయ్యల చెరువు. ఆ వైపంతా అవే వస్తున్నాయని నాకు తెలుసు. దారి పొడుగునా చూస్తూనే వెళ్లేవాణ్ణి. భూషణం పొలం కూడా వాటిలో ఒకటి అవుతుందని మాత్రం ఒక్కసారి కూడా అనుకోలేదు.

భూషణం కట్ట అవతలి నుంచి వచ్చాడు. నన్ను చూసి తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. అతని వెనకే భార్య వెంకాయమ్మ వచ్చింది.

"ఏంటిది భూషణం?" అన్నాను.

అతను నేల చూస్తూ, లీజుకి ఇచ్చామని, అనుమతులన్నీ వాళ్లే తెచ్చుకున్నారని, అయిదేళ్లకని చెప్పాడు.

"నాకు ఒక్క మాట చెప్పలేకపోయావా? మూడో ఏడాది ఇది. ఇక్కడ వేస్తేనే లెక్క. నిన్న తెనాలిలో ఎంత పెద్ద ఉద్యోగం కాదని వచ్చానో తెలుసా నీకు? ఈ మడి కోసం."

జవాబు వెంకాయమ్మ చెప్పింది.

"చెప్పొద్దన్నది నేనేనయ్యా. చెబితే మీరు వద్దంటారు. మీరు వద్దంటే ఈయన ఆగిపోతాడు."

"నువ్వూరుకో" అన్నాడు భూషణం.

"రెండేళ్లు ఊరుకున్నాగా! ఊళ్లో ఇంజన్లన్నీ ఆడుతుంటే మా ఇంజను పాకలో పడుకుంది. ఆడాళ్లు నన్నాపి, ఏంటే, మీ ఆయన పైరు పెట్టాడా, చేపలు పెంచుతున్నాడా అని నవ్వారు. ఈయన గట్టు మీద గొడుగేసుకుని చూస్తా నిలబడ్డాడు. తోడుదాం రావయ్యా అంటే చిన్నబాబుగారు వద్దన్నారంటాడు. రెండేళ్ల నుంచీ ఈ చెరువు వాళ్లు తిరుగుతానే ఉన్నారు. వాళ్లని వెనక్కి పంపింది కూడా మీ మడి కోసమే."

నేను పరిహారం ఇచ్చామన్నాను.

"ఇచ్చారయ్యా, కాదన్లేదు. మీ ఉద్యోగం మీకు వద్దనిపించింది, వద్దన్నారు. మీకు వద్దని చెప్పడం మా ఇంట్లో ఎవరికీ చేతకాలేదు. అదే తేడా."

కోపం వచ్చి ఉంటే బాగుండేది. కోపం రాలేదు. చెంప మీద కొట్టినట్టు అయింది. నేను భూషణం వైపు చూసి, "నిజమేనా?" అని అడిగాను. అతను, "మీ తాతగారి కాడ మా నాన్న ఎప్పుడూ కాదనలేదండి. నాకూ అది రాలేదు" అన్నాడు. ఇన్నేళ్లుగా నేను మర్యాద అనుకున్నది ఏమిటో నాకు ఆ కట్ట మీద తెలిసింది. మా భూములు పోయినా మా మాట మిగిలిందని లోలోపల ఒక గర్వం ఉండేది నాకు. ఆ మిగిలిన మాట ఒక ఇంటిని రెండేళ్లు ముంచిందని వినడం, భూములు పోయాయని వినడం కంటే కష్టంగా ఉంది. నిబంధనల ప్రకారం నేను చేసింది సక్రమమే. రైతు అంగీకారం తీసుకున్నాం. కానీ అంగీకారం అని మేము రాసుకున్నదానికి అక్కడ వేరే అర్థం ఉంది.

నేను బయల్దేరేముందు వెంకాయమ్మ మజ్జిగ తెచ్చింది. తాగాను. తాగకుండా వస్తే అదో కోపంలా ఉంటుంది.

రేపల్లె బస్టాండు దగ్గర జీపు ఆపించి, చాలాసేపు అందులోనే కూర్చున్నాను. ఉద్యోగం కాదన్నది ఏ కారణంతోనో ఆ కారణం పొక్లెయిన్ కింద పోయింది. కరీముల్లా చెప్పిన గడువు ఇంకా ఉంది. ఫోన్ చేశాను. అతను సంగతంతా విన్నాడు. తర్వాత, "అయ్యో సార్" అన్నాడు. వెంటనే, "ఇప్పుడైనా సరేననండి. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. అక్కడ ఇంక మీకేముంది చెప్పండి?" అన్నాడు.

ఏముందో నేను ఆలోచించాను. కొత్త చోట పరీక్ష మొదటి నుంచి మొదలుపెట్టాలి. మూడేళ్లు పడుతుంది. నాకున్నవి నాలుగు. జీపులో విత్తనం ఉంది. నారు పోసే రోజులు దాటిపోతున్నాయి. కరీముల్లాకు వద్దనే చెప్పాను. దాన్ని త్యాగమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఒకసారి వద్దన్న మాటను మా ఇంట్లో ఎవరూ వెనక్కి తీసుకోలేదు. మా ఆస్తి పోవడానికి ఆ అలవాటు కూడా ఒక కారణమే. కానీ ఈసారి అదొక్కటే కాదు. మడి పోయాక కూడా నాకు ఆ పనే చేయాలని ఉంది. ముందు రోజు తెనాలిలో వద్దన్నది నా గొప్ప చూసుకుని. రేపల్లెలో వద్దన్నది ఆ గొప్ప పోయాక. ఈ రెండోది నాకు ఇప్పటికీ సరైన నిర్ణయంగానే తోస్తుంది.

సాయంత్రానికి బాపట్ల చేరి మా క్షేత్రంలోనే నారు పోయించాను. ఆ తర్వాత మా పై అధికారులతో వాదించి, ముంపు పరీక్ష పెట్టే పొలానికి పరిహారం కాకుండా ముందుగానే కౌలు చెల్లించే పద్ధతి తెచ్చాను. కాలువ చివరి భూముల్లోనే మరో రైతు దగ్గర మూడేళ్లు పూర్తి చేశాను. కల్చర్ విడుదల కాలేదు. ముంపుకు నిలిచింది గాని, పొన్నూరు మిల్లులో ఆడిస్తే నూక ఎక్కువ వచ్చింది. కమిటీ తిప్పి పంపింది. వాళ్ల నిర్ణయం సరైనదే. అదే ఏడాది నేను పదవీ విరమణ చేశాను. భూషణానికి రొయ్యల్లో లాభం వచ్చిందో నష్టం వచ్చిందో అడగలేదు. అది అతని విషయం.

తృప్తి ఉన్న పనా, జీతం ఉన్న పనా అని నన్ను ఇప్పటి పిల్లలు అడుగుతుంటారు. ఏదైనా ఎంచుకోవచ్చు. తృప్తి ఎంచుకుంటే దాని ఖర్చు ఎవరు భరిస్తున్నారో మాత్రం చూసుకోవాలి. నేను జీతం వదులుకున్నాను గనుక ఖర్చంతా నాదే అనుకున్నాను. అది నిజం కాదు. ఆ తర్వాత ఏ పొలంలో పరీక్ష పెట్టాలన్నా, ఈ భూమిలో ఇంకేం చేస్తే నీకు ఎక్కువ వస్తుందని రైతును ముందు అడిగేవాణ్ణి. ఇంటావిడ ఎదురుగా అడిగేవాణ్ణి. చాలామంది వద్దన్నారు. వద్దనగలిగి కూడా సరేనన్న ఇంట్లోనే మడి పెట్టాను.