ముగ్గురు గవర్నర్లు, మూడు చాపలు

మా పెద్దమ్మ లూపెలెలె కోరింది ఒక్కటే, మా ఊరికి ఒక నర్సు. పురిటినొప్పులు పడుతున్న కూతుర్ని రేవులోని ఆసుపత్రికి మోసుకెళ్తుంటే కొండమీదే ఆ పిల్ల ప్రాణం పోయింది. అప్పటినుంచి పెద్దమ్మకు వేరే ధ్యాస లేదు.

మా సమోవాలో పెద్ద కోరికను వట్టి చేతులతో అడగరు. మొగలి ఆకును దారంలా చీల్చి, ఏడాదికి పైగా కూర్చుని సన్నచాప అల్లి, అంచుకు ఎర్ర ఈకలు కుట్టి, ఇచ్చి అడుగుతారు. పుచ్చుకున్నవాడు మాటకు కట్టుబడతాడు. వాడు పోతే, వాడి బిరుదు తీసుకున్నవాడు ఆ మాటనూ తలకెత్తుకుంటాడు.

మమ్మల్నేలడానికి సముద్రం దాటి వచ్చిన మొదటి గవర్నరు చాప పుచ్చుకుని "తప్పకుండా పంపిస్తాను" అన్నాడు. వానలు వెలిసేలోగా పైవాళ్లు ఆయన్ని బదిలీ చేశారు. ఆయనతోపాటు చాపా ఓడెక్కింది.

రెండో ఆయన రాగానే పెద్దమ్మ ధీమాగా వెళ్లింది. దుబాసీ కాగితాలు తిరగేశాడు.

"ఇక్కడేమీ రాసి లేదమ్మా."

"రాసేదేమిటి? ఈయన బిరుదేమిటి?"

"గవర్నరు."

"వెళ్లిపోయినాయనది?"

"గవర్నరే."

"బిరుదు తీసుకుని మాట వదిలేస్తాడా? మావాళ్లెవరైనా ఆ పని చేస్తే ఊళ్లో తలెత్తుకుని తిరగనిస్తామా?"

"వాళ్లలో మాట అలా రాదమ్మా. వచ్చేది కుర్చీ ఒక్కటే."

పెద్దమ్మ నమ్మలేదు. ఇంకో చాప అల్లి ఇచ్చింది. ఆయనా మాటిచ్చాడు, ఆయనా వెళ్లిపోయాడు.

మూడో ఆయన వచ్చేసరికి ఆమెకు చూపు మందగించింది.

"మళ్లీ అల్లవే, ఈయన మంచివాడట" అన్నాడు ఊరిపెద్ద సావెయా.

"చెడ్డవాడు ఎవడొచ్చాడు సావెయా? అందరూ మంచివాళ్లే. మంచిగానే ఓడెక్కుతారు."

అయినా అల్లడానికి కూర్చుంది. చాప ముప్పావు వంతు అయ్యేసరికి ఆయనకీ బదిలీ అయింది. అప్పటికి పెద్దమ్మ కోడలు, మా వదినకు ఐదో నెల. పెద్దమ్మ గవర్నర్ల ఆశ వదులుకుని, వేళ్లతో తడుముకుంటూ చాప పూర్తిచేసింది. వదినకు తొమ్మిదో నెల రాగానే దాన్ని తీసుకుని కొండ దిగి, నేరుగా ఆసుపత్రికి వెళ్లి, నర్సు పెపే ముందు పరిచింది. నేను వెంట ఉన్నాను.

పెపే పుచ్చుకున్న గుర్తుగా చాపను తలమీద పెట్టుకుంది. కళ్లు తుడుచుకుంది.

"రావాలనే ఉందమ్మా. కానీ నన్ను మీ ఊరికి వేయాలంటే గవర్నరు సంతకం కావాలి."

"ఏడీ ఆయన?"

"కొత్తాయన ఇంకా ఓడలోనే ఉన్నాడు. నెల పడుతుందట."

పెద్దమ్మ చాప వెనక్కి తీసుకోలేదు. ఇచ్చింది ఇచ్చిందే. ఇంటికొచ్చి వదిన పక్కన కూలబడింది.

"ఇంకొక్క నెల ఆగమ్మా."

"అది నా చేతిలో ఉందా అత్తమ్మా?" అంది వదిన, నడుము పట్టుకుని.