ఆయన ముఖం మూయమని అడిగాను

మా ఆయన లైట్‌మేన్. జూబ్లీహిల్స్‌లో షూటింగులకు అద్దెకిచ్చే బంగళా మేడ మీద లైటు కడుతూ జారి, పోర్టికో ముందు రాళ్ళ మీద పడ్డాడు. పొద్దున టిఫిన్లు పెట్టే వేళ. నేను ఫిల్మ్‌నగర్‌లో ఇంకో షూటింగులో ప్రొడక్షన్ గిన్నెలు తోముతున్నాను. కబురు విని సబ్బు చేతులతోనే ఆటో ఎక్కాను. వెళ్ళేసరికి ప్రాణం లేదు.

చదువు లేనిదాన్ని. నోటితో చెప్పుకుపోవడమే. ఎక్కడైనా ముందు వెనకలైతే ఓర్చుకోండి.

తోటి లైట్‌మేన్లు ఆయన చుట్టూ గోడకట్టినట్టు నిలబడ్డారు. ముఖం మీద ఎండ పడకుండా ఇద్దరు థర్మోకోల్ షీటు ఎత్తి పట్టుకున్నారు, హీరోయిన్‌కి పట్టినంత జాగ్రత్తగా. ఒక కన్ను మూసుకుంది, ఒకటి మూసుకోలేదు. నేను వేళ్ళతో మూశాను, మళ్ళీ తెరుచుకుంది. దవడ ఒక పక్కకు పోయింది. అంతకంటే చెప్పను. పోలీసులు వచ్చేదాకా కదపొద్దన్నారు. సరే, ముఖమైనా కప్పుదామని కాస్ట్యూమ్ వ్యాన్ దగ్గరికి బట్ట కోసం వెళ్ళాను.

తెల్ల పంచె ఒకటి ఇచ్చారు. తిరిగి వచ్చేసరికి ఆయన ఒక్కడే పడి ఉన్నాడు. ఎండలో, ఒక్కడే. వాళ్ళంతా దూరంగా వరసగా నిలబడ్డారు, షాటు అయ్యేదాకా ఊపిరి బిగబట్టుకుని నిలబడతారు చూడండి, అలాగ. థర్మోకోల్ కూడా పక్కకు తీసేశారు. ఆయన కాళ్ళ దగ్గర ఒకతను మోకాలి మీద కూర్చుని ఫోటోలు తీస్తున్నాడు.

సాయంత్రం పేపరు అతను. ఆ వీధిలోనే ఒక హీరో ఇంటి గేటు ముందు ఫోటో కోసం కాపు కాస్తుంటే అరుపులు వినపడ్డాయట. వచ్చి, కెమెరా ఎత్తి, "ఫీల్డ్ క్లియర్ అన్నా" అన్నాడట. అంతే. షూటింగులో ఆ మాట వినపడితే కెమెరాకు అడ్డం లేకుండా పక్కకు పోవాలి. ఏళ్ళ తరబడి అలా పక్కకు తప్పుకున్నవాళ్ళు ఆ పూటా తప్పుకున్నారు. ఆయనంటే ప్రాణం పెట్టేవాళ్ళే. ఆ కెమెరా ఎవడిదని ఒక్కడూ చూడలేదు.

నన్ను వదినా అని పిలిచే లైట్‌మేన్ ఒకడున్నాడు, ఆయన చేతికింద పని నేర్చుకున్నవాడు. వాడు తల బాదుకున్నాడు. "మాట చెవిన పడగానే కాళ్ళు వాటంతటవే కదిలినయి వదినా. నేనే షీటు తీసిన. నా చేతులిరగ."

నేను పంచె కప్పాను. కానీ ఆ ముఖం అప్పటికే ఆ కెమెరాలో ఉంది.

నా భయమంతా మా అమ్మాయి గురించి. మోతీనగర్‌లో ఉంటుంది, తొలిచూలు, నెలలు నిండాయి. కడుపుతో ఉన్నది శవాన్ని చూడకూడదన్నారు పెద్దలు. పురుడు అయ్యాక చెబుదామనుకున్నాం. అప్పటిదాకా నాన్నకు కాలు విరిగింది, ఆసుపత్రిలో ఉన్నాడని చెప్పమన్నాను అల్లుడికి. ఎలాగూ తెలిసేదే. కానీ ఆ ముఖంతో తెలియకూడదు.

ఆ రోజు పేపరుకు ఫోటో అందలేదని, మర్నాటి దాంట్లో వేస్తారని తెలిసింది. మర్నాడు పొద్దున ఆయన పోస్టుమార్టం గదిలో ఉండగా మరిదిని వెంటబెట్టుకుని పేపరు ఆఫీసుకు వెళ్ళాను. టోలిచౌకిలో బిర్యానీ హోటల్ పైన. నల్లకళ్ళద్దాల పెద్దమనిషి ఒకాయన, ఆయన బల్ల అంచున ఆ ఫోటో అతను.

పెద్దమనిషి మర్యాదగానే కూర్చోమన్నాడు. "అమ్మా, ఈ ఫోటో రాకపోతే ఏమవుతుందో తెలుసా? తాగి పడ్డాడంటారు కంపెనీవాళ్ళు. మేటర్ క్లోజ్. మేం మీ తరఫునే వేస్తున్నాం."

"వెయ్యండి బాబూ. నేను వద్దనట్లేదు. నడుముకు కట్టుకోడానికి తాడు కూడా ఇవ్వలేదు, అది రాయండి. ముఖం ఒక్కటీ మూసెయ్యండి."

"ముఖం మూసినంక ఏముంటదక్కా?" అన్నాడు ఫోటో అతను. "గాడ పడ్డది మనిషా, బియ్యం మూటనా అంటరు."

"నీకు చెల్లెలుందా?"

"ఉన్నది."

"ఆ పిల్లకి నెలలు నిండి ఉంటే, మీ నాన్నని ఇలా చూపిస్తావా?"

అతను కెమెరా బెల్టు సర్దుకున్నాడు. "మా నాయన ముచ్చటెందుకు తీస్తవక్కా," అన్నాడు మెల్లగా.

పెద్దమనిషి కంప్యూటర్‌లో ఆ ఫోటో తెరిచి చూశాడు. "సరేనమ్మా. బ్లర్ చేయిస్తాను. అందులో ఎలాగూ ఇంకొకటి చేయించాలి." బ్లర్ అంటే ఏమిటని మరిదిని అడిగితే మసక చేయడమన్నాడు. ఆ పెద్దమనిషికి చేతులెత్తి దండం పెట్టాను.

మధ్యాహ్నం పాస్టరు గారు ప్రార్థన చేశాక మట్టి చేశాం. సాయంత్రం రహమత్ నగర్‌లో మా గది ముందు జనం కూర్చుని ఉండగా మరిది పేపరు తెచ్చాడు. నా చేతికి ఇవ్వడు. లాక్కున్నాను. నాకు అక్షరాలు రావు గానీ ఫోటో ఎవరికైనా వస్తుంది.

మసక ఉంది. ఆయన వెనకాల జనరేటర్ వ్యాన్ ఉందే, దాని మీద కంపెనీ బోర్డు. ఆ బోర్డు మీద మసక. బూడిద పులిమినట్టు. ఆయన ముఖం మాత్రం కడిగినట్టు ఉంది. ఆ కన్నుతో సహా.

"తాడు సంగతి రాశారా?"

"లేదు వదినా. కాలు జారిండని రాసిన్రు." పేజీ తిప్పాడు. లోపల పేజీ నిండా అదే కంపెనీ కొత్త సినిమా ప్రకటన, రంగుల్లో.

మరిది ఆ ఫోటో అతనికి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాడు. అతను తిరిగి తిట్టలేదట. "నేను ఫోటో ఇచ్చిన, గంతే అన్నా. మసక ఏడ పెట్టాల్నో పైనోళ్ళు చెప్తరు," అన్నాడట.

అల్లుడు తన ఫోను దాచాడు, టీవీ వైరు పీకేశాడు. పక్కవాటావిడ ఫోను ఎవరు దాస్తారు? ఆవిడ పాపం మంచిదే. అమ్మాయికి అన్నం తెచ్చిపెట్టి, ఫోనులో వచ్చినవన్నీ చూపిస్తూ, ఆ పేపరు ఫోటో దగ్గర ఆగి, "గీయన జర మీ నాయన లెక్క లేడే?" అందట.

అమ్మాయి ఆవిడ ఫోను నుంచే నాకు చేసింది. ఏడవలేదు. "కాలు విరిగిందన్నావుగా అమ్మా," అంది. నేను నోరు తెరిచేలోపే, "ఆ కన్ను ఎవరూ మూయలేదా?" అంది.

"మూశానే. నేనే మూశాను. మళ్ళీ తెరుచుకుంది."

"అంతమంది ఉన్నారు కదమ్మా అక్కడ."

ఉన్నారని చెప్పాను. కెమెరా వస్తే పక్కకు పోయారని ఎలా చెప్పను? చెప్పినా దానికి అర్థమవుతుందా?

ఆ రాత్రే నొప్పులొచ్చాయి. మగపిల్లవాడు. బాగానే ఉన్నాడు, దేవుడి దయ.

ఆయన పేరున జరిపే ఆదరణ కూడికకు గోడ మీద పెట్టడానికి ఫోటో కావాలన్నారు పాస్టరు గారు. అమ్మాయి పెళ్ళిలో తీసినది ఒకటి వెతికి పట్టాను. కొత్త చొక్కా వేసుకుని, భోజనాల దగ్గర ఎవరినో పిలుస్తూ నవ్వుతున్నాడు. పెద్దది చేయించమని అమ్మాయికిచ్చాను. పిల్లవాడిని ఒళ్ళో వేసుకుని చాలాసేపు చూసింది. దగ్గరగా చూసింది, దూరంగా పెట్టి చూసింది. తర్వాత నా చేతిలో పెట్టేసింది.

"ఇది నాన్నలా లేదమ్మా," అంది.