‘తీసుకున్న చర్య’ అనే గడి

1986 అక్టోబరు. వినుకొండ వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వరండాలో ఆ ఉదయం ఉన్నవారు, ఉన్నవి: ఇనుప మంచం మీద పత్తి రైతు వీరాంజనేయులు, పక్కన అతని భార్య ఆదెమ్మ, తమ్ముడు శ్రీను, డాక్టరు గారు, కాంపౌండరు, అట్రోపిన్ ఇంజెక్షన్ల పెట్టె, సగం ఖాళీ అయిన పురుగుమందు డబ్బా, దాని మీది కాగితం చదవడానికి కబురు పెడితే వచ్చిన నేను.

అప్పటికి నేను బాపట్లలో వ్యవసాయ బీయస్సీ ముగించి, ఎనిమిది ఊళ్ళకు విస్తరణాధికారిగా చేరి రెండో ఏడు. పురుగుమందు తాగిన మనిషిని తెస్తే డాక్టరు మొదట అడిగేది అది ఏ రకం మందని. విరుగుడు దాన్ని బట్టి ఉంటుంది. కాగితం సగం చిరిగిపోయింది కనుక మిగిలిన అక్షరాలను బట్టి, వాసనను బట్టి చెప్పాల్సి వచ్చింది. చెప్పాను. సరిగానే చెప్పాను. డాక్టరు గారు ఇంజెక్షన్ వేసి, విరుగుడు పనిచేసి కంటిపాప విప్పారుతుందేమోనని టార్చిలైటుతో చూస్తూ కూర్చున్నారు. గుంటూరు తీసుకెళ్ళడానికి జీపు వచ్చేసరికి ప్రాణం పోయి, దాని అవసరం తీరిపోయింది.

ఆ ఏడు పత్తికి తెల్లదోమ పట్టింది. ఆకు అడుగున చేరి రసం పీలుస్తుంది. ఆకు మీద బంక, బంక మీద మసి. రైతులు మందు మీద మందు మార్చి కొట్టినా దోమ తగ్గలేదు. వీరాంజనేయులు మూడెకరాల చేను దూరం నుంచి చూస్తే కాలిపోయినట్టు ఉండేది. పక్షానికొక గురువారం నేను ఆ చేలోకి వెళ్ళేవాణ్ణి.

మా ఉద్యోగంలో టూర్ డైరీ అని ఒకటుంటుంది. తేదీ, ఊరు, కలిసిన రైతు, గమనించినది, తీసుకున్న చర్య అని ఐదు గడులు. శనివారం శనివారం దాన్ని మా పై అధికారి అసిస్టెంట్ డైరెక్టరు గారికి, అంటే ఏడీ గారికి, పంపాలి. చివరి గడి ఖాళీగా ఉంటే సంజాయిషీ అడుగుతూ మెమో వస్తుంది. ఆ వారం ఆ ఊరి పేరుకు ఎదురుగా నేను రాసింది: ‘పర్యటన కార్యక్రమం ప్రకారం జరగలేదు.’

ఆ తర్వాత నాకు నిద్ర కరువైంది. అన్నం ముద్ద నోటి దాకా వచ్చేసరికి చేతికి మందు వాసన. సబ్బు మార్చినా పోలేదు. పత్తి చేలో దిగితే గుండె దడ. రాజీనామా కాగితం రాసి పెట్టెలో పెట్టుకున్నాను. చివరికి అదే డాక్టరు గారి దగ్గరికి వెళితే రక్తపోటు చూశారు. నూట యాభై, వంద. నాకప్పుడు పాతికేళ్ళు.

“డైరీ రాస్తావటయ్యా ఆఫీసరూ?” అన్నారు.

“రోజూ రాస్తానండి.”

“ఎవరికి?”

“ఏడీ గారికండి.”

ఆయన కాంపౌండరు వైపు చూసి నవ్వారు. “ఆయనకి పంపక్కర్లేనిది రాయి.”

తాను ఆ ఆసుపత్రికి వచ్చినప్పటి నుంచి రోజూ పొద్దున్నే ఒక పేజీ రాస్తున్నానని, ఎవరికీ చెప్పలేనిది కాగితం మీద పెడితే దాన్ని రోజంతా మోయక్కర్లేదని చెప్పారు. నిద్రమాత్రలు ఒక్క వారానికే ఇచ్చారు.

వినుకొండ బజారులో పొడుగు నోటుపుస్తకం, స్కేలు కొన్నాను. మొదటి పేజీ తెరవగానే నా చెయ్యి చేసిన పని ఐదు గడులు కొట్టడం. వారం రోజులు వాటిని నింపాను. వీరాంజనేయులు పేరుకు ఎదురుగా చివరి గడిలో రాయడానికి ఏమీ లేదు. ఖాళీగా వదిలితే మెమో వస్తుందేమోనన్నంత భయం వేసి ‘నిల్’ అని రాశాను. రోజూ ఆ మాట కంటపడి దడ ఇంకా పెరిగింది.

ఆ సంగతి చెబితే డాక్టరు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. “పోయిన మనిషి మీద చర్యేం తీసుకుంటావురా నాయనా? ఆ స్కేలు అవతల పారెయ్.”

పారేశాను. అయినా పేజీ తెల్లగానే ఉండిపోయింది. అతని గురించి నాకు తెలిసినవి విస్తీర్ణం, విత్తనం రకం, సాళ్ళ మధ్య దూరం.

తర్వాతి గురువారం ఆ ఊరు వెళ్ళాను. ఆదెమ్మ, శ్రీను పత్తి మొక్కలు పీకిస్తున్నారు. ఆమె నన్ను చూసి గట్టు మీదికి వచ్చింది. తన భర్త మాట్లాడుతుంటే నేను రాసుకోవడం ఆమె ఎన్నోసార్లు చూసింది. ఏం రాశానో చదవమంది. సంచిలోంచి టూర్ డైరీ నకలు తీసి చదివాను. ‘వీరాంజనేయులు. మూడెకరాలు. తెల్లదోమ ఉధృతి అధికం. మందు మార్చవలసిందిగా సూచించడమైనది.’

“అంతేనా సారూ?”

“అంతేనమ్మా.”

“మనిషి గురించి ఏం లేదా?”

దానికి గడి లేదని చెప్పాను. ఆమె గట్టు మీద కూర్చుండిపోయింది.

“పోనీలే వదినా, ఆయనేం చేస్తాడు,” అన్నాడు శ్రీను.

ఆమె అతని మాట వినిపించుకోలేదు. చెప్పడం మొదలుపెట్టింది. ఆయనకు పత్తి చేలో దోసపాదులు పెట్టడం ఇష్టమట. దోమ వాటి మీద కూడా చేరుతుంది కనుక పీకెయ్యమని నేను చెప్పిన మాట నిజమే.

“మీ సైకిలు కనపడితే చాలు, తీగల మీద గడ్డి కప్పేవాడు. ‘ఆఫీసరు చూశాడంటే పీకిస్తాడే’ అని. మీరటు పోగానే మళ్ళీ తీసేవాడు. ఒకసారి మీకిద్దామని రెండు కాయలు కోశాడు. ఇస్తే దొరికిపోతానని మానుకున్నాడు సారూ.” అంటూ నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపు వచ్చింది. చాలాసేపు ఏడ్చింది. శ్రీను వెళ్ళి పీకిన మొక్కలు కుప్ప వేస్తూ ఉండిపోయాడు.

మర్నాడు పొద్దున్న దోసపాదుల గురించి రాశాను. గడ్డి కప్పిన తీగలను నేను చాలాసార్లు దాటి వెళ్ళి ఉంటాను. అదీ రాశాను. చెయ్యి నొప్పి పుట్టాక ఆపాను. ఆ మధ్యాహ్నం అన్నం తిని నిద్రపోయాను.

తర్వాతి పర్యటనలో ఆ పేజీలు ఆదెమ్మకు చదివి వినిపించాను. కదలకుండా విని, ఒక్కచోట దిద్దింది. కాయలు కోసినది ఒక ఆదివారమని నేను రాశాను. “కాదు సారూ, గురువారమే, మీరు చేలో ఉండగానే,” అంది. చివర, “దీన్ని మాత్రం పైకి పంపకండి సారూ,” అంది. ఆ తర్వాత నేను వెళ్ళినప్పుడల్లా ఏదో ఒకటి చెప్పేది. కొన్నిసార్లు ఏడవకుండానే చెప్పేది.

మందు వాసన చేతిని వదలడానికి సంక్రాంతి దాటింది. ఫిబ్రవరిలో రక్తపోటు నూట ముప్పై, ఎనభై ఆరు. రాయడం వల్లే తగ్గిందని డాక్టరు గారు అనలేదు. రాయడం మానొద్దని మాత్రం అన్నారు. ఉద్యోగ విరమణ దాకా మానలేదు. రాజీనామా పంపలేదు.

నేను నేర్చుకున్నది ఇది. చర్య తీసుకోగలిగిన విషయాలకు ఆఫీసు డైరీ చాలు. ఏ చర్యా మిగలని విషయాలను కూడా ఎక్కడో ఒకచోట రాయాలి. రాయకపోతే అవి ఒంట్లో నమోదవుతాయి.

ఆ సీజను చివర నేను పంపిన నివేదికలో ఎనిమిది ఊళ్ళ పత్తి విస్తీర్ణం, దిగుబడి, నష్టం ఉన్నాయి. ప్రాణం తీసుకున్నవారికి అందులో గడి లేదు. నా నోటుపుస్తకంలో ఒక్కొక్కరికి కొన్ని పేజీలు ఉన్నాయి. మొత్తం నలుగురు.