మామగారి పేరు

కాస్త ఇటు జరిగి, నా పక్కన కూర్చుని వినండి. మొన్న రామచంద్రపురం ఆసుపత్రిలో చీటీ రాసే పిల్ల మా ఆయన పేరడిగితే నా నాలుక ఒక్క క్షణం ఆగింది. మరిచిపోయి కాదు, పలికే అలవాటు లేక. అయినా ఆ క్షణంలోనే మా అత్తగారు గుర్తొచ్చి భయమేసింది.

మా రోజుల్లో ఆడది మొగుడి పేరు ఎత్తేది కాదని మీకు నేను చెప్పాలా! కోడలు మామగారి పేరూ ఎత్తదు. మా ఆఖరి మరిది పెళ్లయి, కొత్తకోడలు గడప దాటబోతుంటే, మా ఆడపడుచు వాకిలికి అడ్డం నిలబడి, ఇద్దరూ పేర్లు చెబితేనే లోపలికి రానిచ్చింది. ఆ సరదాలో అందరూ అత్తగారి మీద పడ్డారు.

"అమ్మా, నువ్వూ చెప్పాల్సిందే! ఇన్నేళ్లొచ్చినా సిగ్గేంటే?" అని ఆడపడుచు పట్టుబట్టింది.

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మామగారి వంక చూసి తల తిప్పేసుకుంది. ఇల్లంతా నవ్వులు. మామగారైతే మీసం దువ్వుకుంటూ మురిసిపోయారు.

ఆ సాయంత్రం వంటింట్లో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, "మీ మామగారి పేరేంటే అమ్మాయ్?" అని అత్తగారు నన్ను మెల్లగా అడిగింది. నాచేత పలికించి ఏడిపించాలని చూస్తోందనుకుని, "చాల్లెండి అత్తయ్యగారూ, నేనంత తెలివితక్కువదాన్నా!" అని నవ్వేశాను. ఆవిడ నవ్వలేదు. మళ్లీ అడగనూ లేదు.

ఆవిడ అప్పటికే ఆయన పేరు నిజంగా మరిచిపోయినా, మనిషిని మాత్రం చాలాకాలం పట్టుకునే ఉంది. కాలవగట్టు మీద ఆయన దగ్గు వినబడగానే చెంబుతో నీళ్లు తెచ్చి గుమ్మంలో పెట్టేది, అందుకే మాకెవరికీ అనుమానం రాలేదు. తర్వాత ఆ గుర్తూ చెరిగింది. రాజమండ్రిలో డాక్టరుగారు, ఇది వయసుతో వచ్చే మరుపమ్మా, పోయింది తిరిగి రాదు అని చెప్పేశారు. మామగారు ఒప్పుకోలేదు. ఓ మధ్యాహ్నం ఆవిడ ఎదుట పీట వేసుకుని కూర్చుని, "నన్ను చూడవే, నేనే" అంటూ తన పేరు తానే చెప్పారు.

ఆవిడ శ్రద్ధగా విని, ఆ పేరుకు చివర గారు తగిలించి, తడబడకుండా పలికింది. "ఏ ఊరండి మీది? కూర్చోండి, మా వారు పొలం నుంచి వచ్చే వేళే" అంది.

పెళ్లయిన నాటి నుంచీ ఆవిడ నోట తన పేరు వినడం ఆయనకదే మొదలు. పరాయివారయ్యారు గనక పలికింది. ఆ తర్వాత రోజూ వెళ్లి పేరు చెప్పేవారు, ఆవిడ రోజూ ఊరడిగేది. ఆవిడ పోయేదాకా సొంత ఇంట్లో ఆయన చుట్టంగానే మిగిలిపోయారు.

ఇప్పటి పిల్లలు మొగుళ్లను పేరు పెట్టి పిలుస్తుంటే మొదట్లో చెవులు మూసుకునేదాన్ని, ఇప్పుడు మూసుకోవడం లేదు. అయినా ఎన్నిసార్లు పిలిస్తే మాత్రం, ఆ పేరు చివరిదాకా నిలుస్తుందని ఎవరు చెప్పగలరు? మీ ఇల్లు పచ్చగా ఉండాలి తల్లీ, మీ వాళ్లు మిమ్మల్నీ, మీరు మీ వాళ్లనూ ఆఖరి పూట దాకా ఎరిగి ఉండాలి.