వాగు లేని చేపలు

ఆ రోజు పొద్దున మావయ్య చేపల తొట్టిలోంచి ఒక బకెట్ నీళ్లు తీసి, ముందురోజు కుళాయి దగ్గర పట్టి ఉంచిన నీళ్లు అంతే కొలతకి పోశాడు. రబ్బరు గొట్టం నోట పెట్టి పీల్చేటప్పుడు ఓ గుక్క లోపలికి పోయింది. ఉమ్మేసి, మూతి తుడుచుకుని, "ఉప్పు తగ్గింది" అన్నాడు.

అత్తయ్య వంటింట్లోంచే, "ఇంకో గరిటె వడ్డించమంటారా?" అంది.

ఆయన నవ్వుకుంటూ చెప్పులు వేసుకుని పనికి వెళ్లాడు. మధ్యాహ్నం మూడింటికి బల్ల మీద తల వాల్చాడు, మళ్లీ ఎత్తలేదు. కునుకు తీస్తున్నాడనుకుని పళ్ల డాక్టరుగారు అరగంట లేపలేదట.

మావయ్య పళ్లసెట్లు కట్టేవాడు. డాక్టరు నోటి కొలత తీసి పంపితే, ఆసుపత్రి వెనక ఇరుకు గదిలో కూర్చుని ప్లాస్టరుతో అచ్చు పోసి, గులాబి మైనంతో చిగుళ్లు దిద్ది, ఒక్కో పన్నూ గుచ్చేవాడు. సాయంత్రానికి కనుబొమలు కూడా తెల్లబడేవి. ఊళ్లో సగం మంది నవ్వు తన చేతిదే అని ఆయన గొప్ప. ఆయన నోట్లో మాత్రం ఎడమ పక్క దవడ పళ్లు రెండూ లేవు. "ఊరందరికీ పెడతారు, ఇంటికొచ్చి ఒంటి పక్క నములుతారు" అని అత్తయ్య దెప్పేది.

ఆ చేపల్ని ఆయనకిచ్చింది ఓడలో వంటవాడు. సెట్టు బాగా కుదిరిందన్న సంతోషంతో, తర్వాతి ప్రయాణం నుంచి ఒక డబ్బాలో పది చేపలు తెచ్చాడు. ఆఫ్రికాలో ఏదో అడవి వాగులోవట. వేలెడంత ఉంటాయి. మగది కాస్త పొడుగు, తోక పొడవునా నల్లగీత. ఆడది పొట్టిది, కానీ అందమంతా దానిదే. గుడ్లకి వచ్చిందంటే పొట్ట పండిన పండులా ఎర్రబడుతుంది, మగదాని ముందు ఒళ్లు విల్లులా వంచి వణుకుతుంది. ఆ సంబరం చూడటానికి మావయ్య నన్ను ఫోన్ చేసి మరీ పిలిచేవాడు. పిల్లలు ఈదడం మొదలయ్యాక తల్లీ తండ్రీ చెరో పక్కా కాపలా కాస్తూ మందని తిప్పేవి. గుడ్ల సమయంలో మాత్రం తొట్టికి గుడ్డ కప్పేసేవాడు. "పురిటిగది, ఎవరూ రాకూడదు" అనేవాడు. అందుకే నేను పిల్లల్ని చూశానే గానీ గుడ్లు ఎప్పుడూ చూడలేదు.

వంటవాడు ఇంకోసారి వచ్చినప్పుడు, ఆ వాగు ఇప్పుడు లేదని చెప్పాడు. పైన రాళ్ల క్వారీ పడిందట, బురదంతా దిగి వాగు పూడిపోయిందట. మావయ్య ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. "అయితే ఇంక మన ఇంట్లో ఉన్నవేనన్నమాట" అన్నాడు. అంతకుముందు ఇద్దరు స్నేహితులకి రెండు జంటలిచ్చాడు. రెండిళ్లలోనూ చచ్చిపోయాయి. ఆ తర్వాత ఎవరు అడిగినా ఇవ్వలేదు.

పధ్నాలుగేళ్లు సాకాడు. వాగునీరు టీ రంగులో ఉండేదని వంటవాడు చెప్పిన మాట పట్టుకుని, రోడ్డు పక్క రాలిన బాదం ఆకులు ఏరి, ఎండబెట్టి, నీళ్లలో నానేసేవాడు. మొదట్లో రెండు మూడు ఆకులు. ఒక ఏడు పిల్లల్లో ఆడవి తక్కువొచ్చాయి. నీళ్లు వాటి వాగులా లేవేమో, బెంగ పెట్టుకున్నాయేమో అనుకుని ఆకులు రెట్టింపు చేశాడు. ఆ మరుసటి కాన్పులో ఆడవి ఇంకా తగ్గాయి. ఇంకాస్త వేశాడు. చివరికి తొట్టి అడుగు కనిపించనంత నలుపు.

"మనుషులు మగపిల్లలు కావాలని ఏడుస్తారు. మా ఆయనకి చేపల్లో ఆడపిల్ల కావాలట" అని అత్తయ్య పక్కింటావిడతో నవ్వేది.

పన్ను కట్టించుకోవడానికి వచ్చిన, జంతుశాస్త్రం చెప్పే ఒక కాలేజీ మేడం, చేపల మాట విని ఇంటిదాకా వచ్చింది. నీళ్లలో ఒక కాగితం ముక్క ముంచి, రంగు చూసి, "ఎన్ని ఆకులు వేస్తున్నారండీ?" అంది.

"గుప్పెడు. ఒక్కోసారి రెండు. వాటి వాగు అలాగే ఉండేదట కదండీ."

"ఆకు దిగి నీళ్లు బాగా పులిశాయండీ. ఈ రకం చేపల్లో నీటి పులుపు ఎక్కువైతే పిల్లలు దాదాపు అన్నీ మగవే అవుతాయి."

మావయ్య తొట్టిలో చెయ్యి పెట్టి నానిన ఆకు ఒకటి పైకి తీశాడు. తర్వాత, "అంటే నేనేనా?" అన్నాడు.

ఆమె ఏదో సర్దిచెప్పబోయింది. ఆయన వినలేదు. అప్పటికి తొట్టిలో పంతొమ్మిది మగవి, ఒకే ఒక్క ఆడది. దానికి మూడేళ్లు దాటాయి, ఏడు నెలలుగా గుడ్లు లేవు. ఆకులన్నీ ఏరి పారేశాడు. ఒక్కసారిగా నీళ్లు మారిస్తే చస్తాయని రోజుకొక బకెట్ మార్చడం మొదలుపెట్టాడు. మగవాటిలో మూడింటిని ఉంచి మిగతావి వేరే తొట్టిలోకి మార్చాడు. రోజూ పని నుంచి రాగానే, ఒంటి మీద ప్లాస్టరు కడుక్కోకుండానే తొట్టి ముందు గొంతుక్కూర్చునేవాడు.

"ఏమే, ముసలమ్మ పొట్ట ఎర్రబడిందంటావా, నా కళ్లకే అలా ఉందా?" అని నన్నడిగేవాడు.

"నీ కళ్లకే మావయ్యా" అనేదాన్ని. అది నిజం కాదు. కొంచెం ఎర్రబడుతున్నట్టే ఉండేది. ఆశ పెట్టడం ఎందుకని అలా అనేదాన్ని.

ఆయన పోయాక అత్తయ్య ఆ తొట్టి వైపు చూడలేకపోయింది. "నువ్వు చూసుకోవే. ఆ ఒక్కటీ ఉంటే ఆయన పని ఉన్నట్టే" అంది. నేను రోజూ వెళ్లి బకెట్ నీళ్లు మార్చి, మేత వేసేదాన్ని.

పదకొండో రోజు ఆడది తిండికి రాలేదు. మూలనున్న బోర్లించిన మట్టికుండ పెంకులోంచి తల మాత్రం బయటపెట్టి ఉంది. దగ్గరికొచ్చిన మగవాటిని పొడుస్తోంది. ఒళ్లు నల్లబారింది. మూలకు చేరి తిండి మానేసిందంటే జబ్బే అని మావయ్య ఒకసారి అన్న మాట గుర్తొచ్చింది. గుడ్లేమోనని కూడా అనుకున్నాను. టార్చిలైటు పట్టి, కుండ కింద ఇసుకంతా చూశాను. ఇసుక శుభ్రంగా ఉంది. అడుగున ఒక్కటీ లేదు. అయితే జబ్బే అనుకున్నాను. దాన్ని మెల్లగా తరిమి కుండ పైకి తీశాను. లోపల ఏదో జిగురు తగిలింది. పాచి అనుకుని, వేడినీళ్లు పోసి బ్రష్షుతో లోపలా బయటా రుద్ది కడిగి మళ్లీ పెట్టాను.

ఆడది ఆ కుండలోకి వెళ్లడం, బయటికి రావడం, మళ్లీ వెళ్లడం. రెండు రోజులు అదే పని. తర్వాత మానేసింది. పొట్ట ఎరుపు పోయింది. ఇంకో నెలన్నరకి ఒక ఉదయం నీళ్ల మీద తేలింది.

మగచేపల్ని తీసుకెళ్లడానికి కాలేజీ మేడం వచ్చింది. అన్నిటినీ సంచుల్లోకి పడుతూ, "పాపం, చివర్లో ఒక్కసారైనా గుడ్లు పెట్టిందా?" అని అడిగింది.

"లేదండీ. లైటు వేసి మరీ చూశాను, కుండ అడుగంతా వెతికాను."

ఆమె చేతిలో వల ఆగిపోయింది.

"అడుగున ఉండవమ్మా" అంది. "ఇవి వెల్లకిలా తిరిగి, గుడ్లని కుండ లోపల పైకప్పుకి అంటిస్తాయి."