ఖాళీ పెట్టెలో రెండు డిగ్రీలు

దయ్యాల కబుర్లు మొదలైతే మెల్లగా లేచి ఇంకో గదిలోకి వెళ్ళిపోయే రకం నేను. భయమేసి కాదు, విసుగు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నా ఉద్యోగం. ఎవరైనా 'ఇలా జరిగింది' అంటే 'ఏదీ, మళ్ళీ జరిపించి చూపించు' అనడం నా నోటికి అలవాటైపోయింది. చూపించలేకపోతే ఆ ఫిర్యాదు మూసేస్తాం. ఇదొక్కటి మూసెయ్యలేక రాస్తున్నాను.

మేముండేది మెల్‌బోర్న్‌కి పడమట, టార్నీట్‌లో. నా స్నేహితుడు వాసు ఉండేది క్రాన్‌బర్న్‌లో, నగరానికి ఆ చివర. ఇద్దరిదీ నరసరావుపేట వైపే. చదువుకని వచ్చిన కొత్తలో ఒకే గదిలో, ఒకే కుక్కర్‌తో రెండేళ్ళు బతికాం. నాకు అన్నదమ్ములు లేరు. ఆ లోటు నాకెప్పుడూ తెలియలేదంటే అది వాసు వల్లే. ఈ మాట ఇప్పుడు రాస్తుంటే కూడా నాకు ఒళ్ళు మండుతోంది.

ఆరేళ్ళ కిందట వాసుకి వేట పిచ్చి పట్టుకుంది. లైసెన్సు తీసుకుని తుపాకీ కొన్నాడు. ఇక్కడి కొండ అడవుల్లో సాంబార్ జింకలుంటాయి, మన కణుజులే. నేను తుపాకీ ముట్టుకోను. నా పనంతా ఆ తర్వాతే. కోయడం, ఎముకలు తీయడం, మాంసం పాడవకుండా ఇల్లు చేర్చడం.

మొదటిసారి వెళ్ళినప్పుడు పిక్నిక్‌కి తీసుకెళ్ళే పల్చటి ఐస్‌పెట్టె పట్టుకెళ్ళాం. ఇక్కడ దాన్ని ఎస్కీ అంటారు. ఇల్లు చేరేసరికి ఐసంతా కరిగి, మాంసం నీళ్ళలో నాని తెల్లగా పాలిపోయింది. వాసనొచ్చింది. అంతా పారేశాం. అంత జీవాన్ని చంపి చెత్తలో పోశామే అని నాకు వారం రోజులు అన్నం సహించలేదు. ఆ రోజు నుంచి పెట్టె బాధ్యత నాది.

కిందటి చలికాలంలో వాసు ఫోన్ చేసి, "ఒరేయ్ మూర్తీ, ఈసారి మంచి పెట్టెలు కొందాంరా. అవేంటో నువ్వే చూడు, నాకా లెక్కలు తెలీవు" అన్నాడు. అంతే, నేను నెలరోజులు అదే పని మీదున్నాను.

అందరూ ఒకే పెద్ద పెట్టె కొంటారు. చూడటానికి బాగుంటుంది, కానీ నిండాక ఇద్దరు మనుషులు కలిసినా కారులోకి ఎత్తలేరు. అందుకని నూరు లీటర్లకి కాస్త పైన ఉండేవి రెండు చాలనుకున్నాను. మూత చుట్టూ రబ్బరు బిగుతుగా ఉందా, నీళ్ళు పోయే కన్నం అడుగుకి సమంగా ఉందా, ఇవి ముఖ్యం. కన్నం అంగుళం పైకి ఉన్నా ఆ అంగుళం నీళ్ళలో మాంసం నానుతుంది. వాసు కారు వెనక భాగం టేపుతో కొలిచి, రెండూ పక్కపక్కన పడతాయని తేలాకే కొన్నాం. రెండూ ఒకటే రకం, ఒకటే బూడిద రంగు.

మా ఆవిడ శిరీష కొత్త వస్తువులని రెండింటి మూతల మీదా పసుపు, కుంకుమ బొట్టు పెట్టింది. "జింకని కోసి పెట్టేదానికి బొట్టేంటి చెల్లెమ్మా" అని వాసు నవ్వాడు. ఒకటి వాడు పట్టుకెళ్ళాడు. ఒకటి మా గరాజ్‌లో ఉంది.

నేను ఊరుకోలేదు. బిళ్ళంత థర్మామీటర్ ఒకటి తెచ్చి మా పెట్టెలో వేశాను. అది పది నిమిషాలకోసారి లోపలి చల్లదనాన్ని నా ఫోన్‌కి పంపిస్తుంది, ఫోన్‌లో గీత గీస్తుంది. సీసాల్లో నీళ్ళు గడ్డకట్టించి లోపల పెట్టి ఐదు రోజులు పరీక్షించాను. విడి ఐసు కంటే సీసాలు నయం, కరిగినా నీళ్ళు మాంసానికి తగలవు. ఇవన్నీ కాగితం మీద రాసి వాసుకి పంపాను. బొటనవేలి గుర్తు ఒకటి పంపి ఊరుకున్నాడు.

ఇంకో సంగతి చెప్పాలి, పోగుల సంగతి. మా వైపు నలుగురు కలిసి మేకపోతుని కోయిస్తే మాంసాన్ని పోగులు పెడతారు. ఒకడు వెనక్కి తిరిగి నిలబడతాడు. ఇంకొకడు ఒక పోగు మీద చెయ్యి పెట్టి "ఇదెవరిది?" అంటాడు. వెనక్కి తిరిగినవాడు చూడకుండా ఒక పేరు చెప్తాడు. ఆ పోగు ఆ పేరుగలవాళ్ళదే, మార్చడం ఉండదు. అడవిలో మేమిద్దరమే ఉన్నా టార్పాలిన్ మీద రెండు పోగులు పెట్టి అలాగే పంచుకునేవాళ్ళం. అదొక ముచ్చట మాకు.

కొత్త పెట్టెలతో మొదటి వేట ఒక శనివారం పెట్టుకున్నాం, ఆదివారం తిరిగి రావాలి. గురువారం సాయంత్రం వాసు ఫోన్ చేశాడు. "కొండల్లో ఒకటే వానంటరా. రోడ్డు కూడా మూసేశారు. వచ్చే నెల చూద్దాంలే." నాకు ఉసూరుమంది. గడ్డకట్టిన సీసాలు ఫ్రీజర్‌లోనే ఉంచేశాను. పెట్టె శుభ్రంగా తుడిచి, ముక్కిన వాసన పట్టకుండా మూతకి చిన్న పుల్ల అడ్డం పెట్టి వదిలేశాను. థర్మామీటర్ లోపలే ఉంది.

శనివారం మధ్యాహ్నం ఎండ బాగా కాసింది. శిరీషా నేనూ ఆరిన బట్టలు మడత పెడుతున్నాం. నేను కిటికీ దగ్గర నిలబడి, ఇంత ఎండలో కొండల్లో వానేమిటా అని చూస్తున్నాను. శిరీష నా వెనక ఉంది.

"ఇదెవరిది?" అని వినిపించింది. నేను వెనక్కి తిరక్కుండానే "నాది" అన్నాను.

"ఏది?" అంది శిరీష, కాసేపాగి.

"నువ్వడిగిందే."

"నేనేం అడిగాను? నా నోరు ఖాళీ ఉంటేగా."

తిరిగి చూస్తే ఒక్కతే దుప్పటి మడత పెడుతోంది. రెండు కొసలు చేతుల్లో ఉన్నాయి, ఒక కొస పళ్ళతో పట్టుకుని అప్పుడే వదిలిందట. ఇద్దరం నవ్వుకున్నాం. అక్కడితో మర్చిపోయాం.

అరగంట తర్వాత బియ్యం కోసం గరాజ్‌లోకి వెళ్ళిన శిరీష అక్కడినుంచే పిలిచింది. ఆ పిలుపులోనే కోపం తెలిసింది. "ఏమండీ, శనివారమని తెలిసే తెచ్చారా?"

మా ఇంట్లో శనివారాలు మాంసం వండం, తినం, ఇంట్లోకి తేం. శిరీష ఒక్కపొద్దుంటుంది. పెళ్ళికి ముందునుంచీ తప్పని నియమం అది.

వెళ్ళి చూశాను. గరాజంతా నీచు వాసన. పెట్టె మూత బిగించి ఉంది. పుల్ల కింద పడి ఉంది. మూత ఎత్తితే చల్లటి గాలి మొహానికి కొట్టింది. లోపల ఏమీ లేదు. అడుగున కన్నం దగ్గర మాత్రం గ్లాసులో పావు వంతు ఎర్రటి నీళ్ళు. పచ్చిమాంసం వాసన, దాంతోపాటు యూకలిప్టస్ ఆకు వాసన. అడవిలో టార్పాలిన్ దులిపినప్పుడు వచ్చే వాసన అది.

ఫోన్ తీసి చూశాను. మధ్యాహ్నం మూడూ పదికి పంతొమ్మిది డిగ్రీలు. మూడూ ఇరవైకి రెండు. గీత నిట్టనిలువుగా పడిపోయింది. ఐసు పోసినా అంత తొందరగా పడదు, అది నేను ఐదు రోజులు పరీక్షించి తెలుసుకున్న విషయం.

నా ఉద్యోగం పద్ధతిలోనే చేశాను. థర్మామీటర్ తెచ్చి వంటింట్లో పెట్టాను, ఇరవైకి వచ్చింది. మళ్ళీ పెట్టెలో వేశాను, రెండు. నీళ్ళు తుడిచేసి మూత పూర్తిగా తెరిచి ఉంచాను, రెండు. ఆదివారమంతా రెండే. సోమవారం పొద్దున ఏడూ ఇరవైకి గీత లేవడం మొదలైంది, మధ్యాహ్నానికి మామూలైపోయింది. ఆ గీత ఫొటో ఇప్పటికీ నా దగ్గరుంది.

శిరీష నమ్మలేదు. ఎవరినుంచో మాంసం తెచ్చి, తను చూసేసరికి దాచేశాననుకుంది. "చెప్పి తెస్తే నేనేమైనా అన్నానా? నాతో అబద్ధమెందుకు?" అని రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. చెయ్యని తప్పుకి మాట పడటం ఎంత మంటగా ఉంటుందో అప్పుడు తెలిసింది.

ఆదివారం వాసుకి నాలుగుసార్లు ఫోన్ చేశాను. కలవలేదు. సోమవారం ఎత్తాడు. "రెండు రోజులూ ఇంట్లోనే పడి నిద్రపోయానురా" అన్నాడు. పెట్టె సంగతి చెప్పాను. విని "థర్మామీటర్ పాడైందేమోలే" అని పెట్టేశాడు.

మూడు వారాల తర్వాత వాసు వాళ్ళ అమ్మాయి పుట్టినరోజు. క్రాన్‌బర్న్‌లో పార్కులో, మిట్టమధ్యాహ్నం బార్బెక్యూ. అక్కడ కిరణ్ అనే కుర్రాడు నా పక్కన కూర్చున్నాడు. వాసు ఆఫీసులో కొత్తగా చేరాడు, వరంగల్ అబ్బాయి. పేర్లు చెప్పుకున్నాక ఎంతో ఆప్యాయంగా అడిగాడు.

"మూర్తన్నా, మీ పోగు ముట్టిందా?"

"ఏం పోగు?" అన్నాను.

"అదే అన్నా, మూడు వారాల కింద శనివారం జింకది. మీకు కాలు నొప్పి లేచిందంట కదా, రాలేదని వాసన్న చెప్పిండు. మేం ముగ్గురం పోయినం. నేను, వాసన్న, మా ఆఫీసు డారెన్. పోగులు పెట్టుడు డారెన్‌కి మస్తు నచ్చింది. మొదటిది డారెన్‌ది అన్నడు వాసన్న. రెండోది మూర్తిది అన్నడు. మీరు లేరు కద అని నేనంటే, పేరు పిలిచినంక మార్చొద్దు, సంచిలో కట్టు అన్నడు. మూడోది మేమిద్దరం చెరి సగం చేసుకున్నం."

నా ప్లేటు బల్ల మీద పెట్టేశాను. ఎన్నింటికి అని అడిగాను. కిరణ్ ఫోన్ తీసి పోగుల ఫొటో చూపించాడు. పచ్చటి టార్పాలిన్, మూడు పోగులు, వెనక మా గరాజ్‌లో పెట్టెకి జంట పెట్టె. కొండల మీద ఎండ. ఫొటో తీసిన సమయం మూడూ పన్నెండు.

వెన్ను జలదరించడం తర్వాత సంగతి. ముందు నాకు వచ్చింది ఏడుపు. వానలన్నాడు. రోడ్డు మూశారన్నాడు. నాకు లేని కాలు నొప్పి అంటగట్టాడు. ఆ ఫొటోలో పెట్టె మూత తెరిచి ఉంది, లోపల సీసాలు నేను రాసిచ్చిన వరసలోనే పేర్చి ఉన్నాయి. నా కాగితం పనికొచ్చింది, నేనే పనికిరాలేదు.

వాసు తన కారు వెనక నిలబడి ఆ పెట్టెలోంచే కూల్‌డ్రింకులు తీస్తున్నాడు. వెళ్ళి మూత మీద చెయ్యి వేశాను. శిరీష నా మొహం చూసి వెనకే వచ్చింది.

"నా పోగేదిరా?" అన్నాను.

వాసు మొహం పాలిపోయింది. బుకాయించలేదు, అదొక్కటే మెచ్చుకోవాలి.

"నువ్వొస్తే ప్రతిదానికీ ఒక పద్ధతిరా. ఐసు ఇట్టా పెట్టు, మూత ఎక్కువసేపు తెరవకు, అది తుడువు, ఇది కడుగు. ఒక్కసారి హాయిగా తిరిగొద్దామనుకున్నా. అంతకంటే ఏం లేదు. సోమవారం పొద్దున సంచి పెట్టెలోంచి బయటికి తీశా. దాని మీద రాసిన నీ పేరు చూశాక నీకు తెచ్చివ్వలేను, నేను వండుకోలేను. చెత్తడబ్బాలో వేశా."

"ఎన్నింటికి?"

"ఆఫీసుకి బయల్దేరే ముందు. ఏడున్నర కాలేదు ఇంకా."

వాడే మళ్ళీ అన్నాడు, గొంతు తగ్గించి.

"నీ పేరు నేను కావాలని పిలవలేదురా. వెనక్కి తిరిగి నిలబడ్డా. కిరణ్ రెండో పోగు మీద చెయ్యేసి ఇదెవరిది అన్నాడు. నేను నోరు తెరిచేలోపే 'నాది' అని వినపడింది. నీ గొంతే, నా చెవి పక్కనే. వాళ్ళిద్దరికీ వినపడలేదు. నాది అన్నవాడికి ఇవ్వక ఏం చెయ్యను?"

శిరీష నా మోచెయ్యి పట్టుకుంది. ఫోన్‌లో వాసుకి నేను చెప్పింది పెట్టె చల్లబడిన సంగతి ఒక్కటే. బట్టలు మడత పెడుతూ నేను 'నాది' అన్న సంగతి మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. మాకే అప్పటిదాకా గుర్తు లేదు.

తర్వాత ఎనిమిది శనివారాలు అదే పెట్టె, అదే పుల్ల, అదే థర్మామీటర్ పెట్టి చూశాను. కిటికీ దగ్గర అలాగే నిలబడ్డాను. శిరీష ఎగతాళి చెయ్యలేదు, నా వెనక దుప్పటి పట్టుకుని తనూ నిలబడింది. గీత ఒక్కసారీ కదల్లేదు. ఆ గొంతు మళ్ళీ వినిపించలేదు.

వాసు చెప్పింది నమ్మితే ఆ మధ్యాహ్నం నేను రెండు చోట్ల ఉన్నాను. నమ్మకపోదామంటే నా ఫోన్‌లో ఆ గీత ఉంది. ఈ మొత్తానికి నాకున్న ఒకే ఒక్క సాక్షి వాసు. వానలని నాతో అబద్ధమాడిన నోరూ అదే. పదేళ్ళుగా వాడేం చెప్పినా నమ్మాను, సరిగ్గా నమ్మాల్సిన అవసరం వచ్చిన రోజున నమ్మలేకపోతున్నాను.

ఆ చల్లదనం మా పెట్టెలోకి ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. నన్ను అడిగింది ఎవరో తెలియదు. నా పోగు మాత్రం క్రాన్‌బర్న్‌లో ఎర్రమూత చెత్తడబ్బాలో పడింది. అదెలా జరిగిందో నాకు బాగా తెలుసు.