ప్రశ్నార్థకాలైన పేర్లు

నిజామాబాద్‌లో బోధన్ రోడ్డు పక్కన బీడీలు చుట్టే ఆడవాళ్లు ఎక్కువగా వచ్చే ఒక ప్రైవేటు దవాఖాన ఉండేది. రోగుల వివరాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాలనుకుని, సర్వర్ మీద డేటాబేస్ పెట్టే పని నాకిచ్చారు. సొంతంగా ఒప్పుకున్న మొదటి పని అది.

రికార్డుల గది ఒక అక్క చూసుకునేది. ఏళ్ల తరబడి రిజిస్టర్లన్నీ ఆమె చేతిరాతే. నేను సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తుంటే వెనక నిలబడి అడిగింది.

"తమ్మీ, గిండ్ల తెలుగు పడ్తదా? మోస్రా దిక్కు ఊర్లకెంచి ఒక్కటే పేరున్నోళ్లు పదిమంది వస్తరు. ఇంగ్లీషుల రాస్తే అందరు కలిసిపోతరు."

"పడ్తది అక్కా, ఫికర్ చెయ్యకు," అన్నాను.

అది పాత రకం డేటాబేస్. మొదట సిద్ధం చేసేటప్పుడే ఏ లిపిలో అక్షరాలు దాచాలో అడుగుతుంది. దానంతట అదే చూపించిన లిపి ఇంగ్లీషుకే సరిపోతుంది. మేనేజర్ తొందరపెడుతున్నాడు. నేను చదవకుండానే సరేనని నొక్కాను. ఒక్క తెలుగు పేరైనా వేసి చూడలేదు.

అక్క తెలుగు టైపింగ్ నేర్చుకుని, నెలన్నర కూర్చుని రిజిస్టర్లన్నీ ఎక్కించింది. టైపు చేస్తున్నప్పుడు తెర మీద తెలుగు చక్కగానే కనబడేది. సేవ్ చేయగానే ఆ పేజీ పోయి, ఇంకో రోగి కోసం ఖాళీ పేజీ వచ్చేది. పని పూర్తయిందనగానే రిజిస్టర్లను పాత కాగితాలవాడికి వేసి, ఆ గదిలో ఏసీ పెట్టించారు.

కంప్యూటర్లో చూడడం మొదలుపెట్టిన రోజున దగ్గుతో ఒకావిడ వచ్చింది. ఆమె పేరు కోసం వెతికితే పేరుండాల్సిన చోట వరసగా ప్రశ్నార్థకాలు. ఎవరిది తెరిచినా అంతే. సెట్టింగులు చూసిన ఐదు నిమిషాల్లో నాకు తెలిసిపోయింది: నేను నొక్కిన ఇంగ్లీషు లిపిలో పట్టక తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలైపోయాయి.

"ఎవల తప్పయ్యా ఇది?" అన్నాడు మేనేజర్.

అక్క అక్కడే ఉంది.

"టైపింగ్‌ల ఏదో తేడా వచ్చినట్టుంది సార్," అన్నాను.

ఆమె నా వంక చూసింది. మర్నాటి నుంచి ఆమెను పనిలోకి రావద్దన్నారు. నేను పాతది తుడిచేసి, ఈసారి సరైన లిపి ఎంచి, మళ్లీ పెట్టాను. అరగంట పని. పేర్లు మాత్రం తిరిగి రాలేదు.

కొన్ని నెలలు ఎలాగో ఆగి, ఇక ఉండబట్టలేక ఆమె ఇంటికి వెళ్లాను. ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది.

"అక్కా, తప్పు నాది."

"నాకెర్కనే తమ్మీ. గా దినం నీ మొకం జూసినప్పుడే ఎర్కైంది."

"మరి చెప్పకపోతివేంది?"

"నేను జెప్తే ఎవలింటరు? నువ్వు జెప్తే ఇందురు." చేతిలోని ఆకు మడుస్తూనే అంది. "నీ మనసు నిమ్మళమైతదని వచ్చినవ్. గా పని నాతోని కాదు. పో."

తిన్నగా మేనేజర్ దగ్గరికెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. అతను నవ్వాడు.

"అయిపోయిన ముచ్చట ఇప్పుడెందుకయ్యా? సిస్టం మంచిగ నడుస్తుంది గదా. బోధన్‌ల ఇంకో దవాఖాన తెరుస్తున్నం. గక్కడ గూడ నువ్వే పెట్టు."

నేను కాదనలేదు.